వుడ్ అండ్ పికెట్ మినీ: చెక్క సంగతి తర్వాత, ముందు రేకు చూడండి

పది అడుగుల పైచిలుకు పొడవున్న కారు. లోపల వాల్‌నట్ డ్యాష్‌బోర్డు, లెదర్ సీట్లు, స్విచ్ నొక్కితే దిగే అద్దాలు, అడుగు పెడితే దిగబడే కార్పెట్. లండన్‌లోని వుడ్ అండ్ పికెట్ అనే కొట్టు సింగారించిన 1978 నాటి ఈ మినీ 1275 జీటీకి అమ్మే ఆయన చెప్పిన ధర 34 వేల పౌండ్లు. మామూలు మినీ, అదే ఏడాదిది, బాగున్నది కావాలంటే ఇందులో సగానికే వస్తుంది. మరి మిగతా సగం దేనికి ఇస్తున్నట్టు? అది తేల్చుకుందామనే వెళ్లాను.

ముందు నా సంగతి చెప్పేస్తే నా తిక్క ఎటు పోతుందో మీకు అర్థమవుతుంది. ఉద్యోగరీత్యా ఉండేది బర్మింగ్‌హామ్ పక్కన. పెరిగింది మాత్రం విజయవాడ ఆటోనగర్‌లో. నాన్న లారీ క్యాబిన్లకు టింకరింగ్ చేసేవాడు. బడి అయ్యాక షెడ్డులో కూర్చుని హోంవర్క్ రాసుకున్నవాణ్ణి కాబట్టి, ఏ కారు చూసినా నా కళ్లు ముందు సీట్ల మీదకు పోవు, తలుపు సందుల మీదకు పోతాయి.

ఇలా సింగారించిన మినీల పుట్టుక కూడా మా షెడ్డు పనికి దూరపు చుట్టమే. కంపెనీ నుంచి ఉత్త ఛాసిస్ వస్తే మనవాళ్లు దాని మీద క్యాబిన్, బాడీ కట్టేవారు కదా, ఇంగ్లండ్‌లో రోల్స్ రాయిస్, బెంట్లీ ఛాసిస్‌ల మీద హూపర్ లాంటి సంస్థలు అలాగే బాడీలు కట్టేవి. యుద్ధం తర్వాత కార్ల కంపెనీలు ఛాసిస్, బాడీ కలిపి ఒకే పెంకులా సొంతంగా తయారు చేసుకోవడం మొదలుపెట్టాయి. దాంతో వీళ్ల చేతుల్లో పని పోయింది. హూపర్ వాళ్లు బాడీలు కట్టడం ఆపేసింది 1959లో. అలెక్ ఇసిగోనిస్ గీసిన మినీ రోడ్డెక్కింది కూడా సరిగ్గా ఆ ఏడాది ఆగస్టులోనే. పన్నుతో కలిపి 500 పౌండ్లకు మూడు పౌండ్లు తక్కువ. ఇంజన్‌ను అడ్డంగా పెట్టి, గేర్ బాక్స్‌ను దాని కిందే ఆయిల్ తొట్టిలో ఇమిడ్చి, చక్రాలు పది అంగుళాలకు కుదించి, మిగిలిన చోటంతా మనుషులకు ఇచ్చేశాడు. విలాసాలంటే ఆయనకు అసలు పడదు. కారులో రేడియో ఉండటమే ఆయనకు గిట్టేది కాదు.

అలాంటి మనిషి కారును పట్టుకుని లండన్ డబ్బున్నవాళ్లు సింగారించడం మొదలుపెట్టారు. నటుడు పీటర్ సెల్లర్స్ 1963లో, కొత్త బాడీలు కట్టడం మానేసినా కొట్టు మూయని హూపర్ వాళ్ల చేతే తన మినీని చేయించుకున్నాడు. పక్కలంతా పేము అల్లిక పెట్టినట్టు పెయింట్ వేయించాడు. ఖర్చు 2,600 పౌండ్లు. ఆ రోజుల్లో జాగ్వార్ ఇ-టైప్ స్పోర్ట్స్ కారు అంతకంటే తక్కువకే వచ్చేది! అక్కణ్ణుంచి హెరాల్డ్ రాడ్‌ఫర్డ్ సంస్థ అందుకుంది. బెంట్లీలకు పిక్నిక్ సామాన్లు, మడత బల్లలు అమర్చి పేరు తెచ్చుకున్నవాళ్లు, 'మినీ డి విల్' పేరుతో చిన్న బండ్లూ చేశారు. బీటిల్స్ పాటల బృందంలోని నలుగురికీ తలా ఒక మినీ చేసిచ్చింది వాళ్లే. నేను చూసిన బండి చేసిన వుడ్ అండ్ పికెట్ వేరే కొట్టు. హూపర్‌లో పనిచేసిన బిల్ వుడ్, లెస్ పికెట్ బయటికొచ్చి 1947లో లండన్ పార్క్ రాయల్‌లో పెట్టుకున్నారు. వీళ్ల మినీ ప్యాకేజీకి 'మార్‌గ్రేవ్' అని పేరు.

ఇక బండి దగ్గరికి వద్దాం.

మామూలు మినీని ఎప్పుడైనా దగ్గరగా చూశారా? ముందు తలుపు పక్కన, వెనక అద్దం పక్కన రేకులు కలిసే చోట అతుకులు బయటికే పొడుచుకొని ఉంటాయి. లోపలికి మడిస్తే చోటు పోతుంది, వెల్డింగ్ కూడా కష్టం అని ఇసిగోనిస్ వాటిని బయటే వదిలేశాడు. ఈ బండికి ఆ అతుకులు లేవు. కోసేసి, లోపలి నుంచి వెల్డింగ్ చేసి, పైన నున్నగా చేశారు. ఫొటోలో చూస్తే ఎవరూ గమనించరు కూడా. ఏదో తేడాగా ఉందే, కాస్త ఖరీదుగా ఉందే అనిపిస్తుందంతే. కానీ ఈ మార్పుల్లో అన్నిటికంటే పని పట్టేది ఇదే. అతుకు కోయగానే పెంకు బలం తగ్గుతుంది. వేడికి రేకు వంకర పోతుంది. మళ్లీ సుత్తి, దిమ్మ పట్టుకుని గంటల తరబడి సరి చేయాలి. ఆ కాలపు పనివాళ్లు పైన సీసం కరిగించి పూసి, ఆకురాయితో గీసి సాఫు చేసేవారు.

నేను అక్కడే నిలబడి నాన్నకు వాట్సాప్‌లో వీడియో కాల్ చేశాను. డ్యాష్‌బోర్డు చూపించబోతే వద్దన్నాడు.

"ఆ చెక్క ఎవడైనా పెడతాడ్రా. తలుపు కిందకి తిప్పు ఫోను. అయస్కాంతం తెచ్చావా?"

తెచ్చాను. వెనక అద్దం పక్కన ఆనిస్తే అంటుకోలేదు. నా గుండె జారింది.

"అంటుకోకపోతే లప్పమే అనుకోకు. సీసానికీ అంటుకోదు. వేలి గణుపుతో తట్టు, చేత్తో తాకి చూడు. సీసమైతే చల్లగా, గట్టిగా ఉంటుంది. లప్పమైతే మొద్దు శబ్దం."

తట్టి చూశాను. వెనక వైపు రెండు పక్కలా గట్టిగా, చల్లగా ఉంది. అసలు పనివాళ్ల చెయ్యి అది. ఎడమ తలుపు కింద ఉన్న సిల్ మాత్రం అట్టపెట్టె మీద కొట్టినట్టు మోగింది. పెయింట్ కింద దాదాపు వేలి మందాన లప్పం. మధ్యలో ఎవరో, ఏదో షెడ్డువాళ్లు, తుప్పు కోసి కొత్త రేకు వెయ్యకుండా పైపైన కప్పేశారు. బండి ఫైల్లో ఆ పని బిల్లు కూడా ఉంది, పేరు రాయను. బిల్లులో 'సిల్ రిపేరు' అని ఉంది. రిపేరు మాత్రం లేదు.

నాన్న మొహం చూడాల్సింది. "ఇంగ్లండ్‌లో కూడా ఇంతేనా?" అని ఒకటే నవ్వు.

సరే, లోపలికి ఎక్కితే మాత్రం ఒప్పుకోవాలి, మనసు పారేసుకునేలా ఉంది. డ్యాష్‌బోర్డు ఒకే చెక్క పలక. ఆ చివర నుంచి ఈ చివరికి నార మధ్యలో తెగకుండా సాగింది, గుండ్రటి మీటర్ల రంధ్రాల అంచులు గోరు పెట్టి చూసినా పెచ్చులు లేవలేదు. సీటు లెదర్ వాడి వాడి పగుళ్లు తేలింది గానీ కుట్లు ఎక్కడా వదల్లేదు. పైన వెబాస్టో గుడ్డ రూఫ్, మడిచి వెనక్కి తోస్తే సగం ఆకాశం కనిపిస్తుంది. కరెంటు అద్దాలు అంత వేగంగా కదలవు, కుడివైపుది మధ్యలో ఆలోచిస్తుంది. మొదట్లో మినీలకు పక్కకు జరిపే అద్దాలుండేవి, కాబట్టి తలుపు లోపలంతా సంచిలా ఖాళీ, ఎంత సామానైనా కుక్కొచ్చు. ఇందులో మోటారు, దాని తీగలు దూరాక ఆ సంచి పోయింది. మోచేయి పెట్టుకునే చోటు కూడా తగ్గింది. చిన్న కారులో విలాసం పెడితే దానికి చోటు ఎక్కణ్ణుంచో తీయాలి, ఇక్కడ మీ మోచేతుల దగ్గర తీశారు.

నడపడం గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే నడిపితే ఇది మినీయే. స్టీరింగ్ బస్సులా బల్లపరుపుగా ఉంటుంది, పెడళ్లు ఒక పక్కకు జరిగి ఉంటాయి, రౌండ్ అబౌట్ దగ్గర తిప్పితే ఎక్కడ చూస్తే అక్కడికి పోతుంది. మందపాటి కార్పెట్లు, శబ్దం ఆపే ఫెల్ట్ వేసినందువల్ల మామూలు మినీలో ఉండే డబ్బా మోత తగ్గింది. కానీ దాంతో అప్పటిదాకా ఆ మోత కింద దాక్కున్న గేర్ల కూత పైకి తేలింది. అరవై గుర్రాల బలం (హార్స్‌పవర్) కూడా లేని ఇంజన్ ఇంత చెక్క, లెదర్ మోయాలంటే ఎత్తు రోడ్డు మీద ఆయాసపడుతోంది. రోడ్డు గుంతలో పడితే సస్పెన్షన్‌లోని రబ్బరు ఏం చేస్తుందో నడుముకి తెలుస్తుంది. ఏ లెదరూ దాన్ని ఆపలేదు.

డిక్కీ గురించి మాత్రం ఒక ఫిర్యాదు ఉంది. ఇంత డబ్బు పోసి చేయించుకున్న ఆ తొలి యజమాని వెనక తలుపు ఎందుకు పెట్టించుకోలేదో నాకు అర్థం కాలేదు. మినీ డిక్కీ మూత కిందికి తెరుచుకుంటుంది, రెండు కూరగాయల సంచులు పెడితే నిండుతుంది. రాడ్‌ఫర్డ్ వాళ్లు బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ బండికి వెనక భాగమంతా కోసి, కప్పు దగ్గర నుంచి పైకి లేచే హ్యాచ్ తలుపు పెట్టిచ్చారు, డ్రమ్ములు పట్టాలని. నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో నిజంగా బుర్ర పెట్టి చేసిన మార్పు అదొక్కటే. వెనక సీటు వెనకున్న అడ్డ రేకు, దాని పైన అర, ఇవి రెండూ కలిసి మినీ పెంకును బిగించి ఉంచుతాయి. అక్కడ కోసి పెద్ద తలుపు పెడితే పెంకు మెలి తిరగకుండా చుట్టూ బలం ఇవ్వాలి. చెక్క అతికించినంత సులువు కాదు. ఆ బండే 2017లో బాన్‌హామ్స్ వేలంలో లక్ష పౌండ్లు దాటింది. అందులో డ్రమ్ముల వాటా ఎంత, తలుపు వాటా ఎంత అన్నది మీరే లెక్కేసుకోండి! కంపెనీ మాత్రం ఇంగ్లండ్‌లో పాత మినీకి చివరిదాకా హ్యాచ్ పెట్టలేదు. 1980లో మెట్రో అనే కొత్త చిన్న కారు వచ్చేదాకా ఆ ఊసే లేదు. యువరాణి డయానా పెళ్లికి ముందు నడిపిన ఎర్ర మెట్రో కోవెంట్రీ ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియంలో ఉంది. లోపల ఏ సింగారమూ లేదు, కానీ సామాను పడుతుంది.

ఇంకో చిక్కు, కొనాలనుకునేవాళ్లకు బాగా టెన్షన్ పెట్టేది. వుడ్ అండ్ పికెట్ పూర్తి బండ్లు మాత్రమే చెయ్యలేదు, ముందు గార్డులు, మడ్‌గార్డు రెక్కల లాంటి సామాను విడిగా కూడా అమ్మింది. కాబట్టి గార్డు మీద ఆ పేరు కనిపించినంత మాత్రాన బండి వాళ్ల షాపులో తయారైందని కాదు. గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం పాత ఫ్యాక్టరీ రికార్డులు చూసి సర్టిఫికెట్ ఇస్తుంది. అసలు రంగు, ఏ మోడల్, ఎప్పుడు ఫ్యాక్టరీ దాటింది, ఇవన్నీ అందులో తెలుస్తాయి. బయటి షాపులో తర్వాత జరిగిన పని మాత్రం అందులో ఉండదు. దానికి అప్పటి బిల్లులే కావాలి. ఈ బండికి సర్టిఫికెట్ ఉంది, వుడ్ అండ్ పికెట్ బిల్లు లేదు. అతుకుల పని చూసి నేను నమ్మాను. వేలంలో కొనేవాడు నమ్మాలని లేదు, అందుకే ధర దగ్గర నేను గట్టిగా పట్టుకున్నాను.

నలభై ఏళ్లు దాటిన బండి కాబట్టి రోడ్ ట్యాక్స్ లేదు. బండి రోడ్డుకు పనికొస్తుందా అని ఏటా చేయించే ఎం.ఓ.టి. పరీక్ష కూడా అక్కర్లేదు గానీ, బండి స్వరూపం బాగా మారిస్తే ఆ మినహాయింపు పోతుంది. ఇలాంటి బండి కొనేముందు ఆ సంగతి కనుక్కోండి. పరీక్ష అక్కర్లేకపోయినా చేయించడమే నయం. వెనక చక్రాలను పట్టి ఉంచే ఇనుప చట్రం, అంటే సబ్‌ఫ్రేమ్, తుప్పు పట్టడం మినీలకు పుట్టుకతో వచ్చిన జబ్బు, లిఫ్ట్ మీదకు ఎక్కిస్తే తప్ప కనపడదు. ఈ బండిది చూశాను, కొత్తగా మార్చారు, శుభ్రంగా ఉంది.

అమ్మే ఆయన మంచివాడే. టీ ఇచ్చాడు, లిఫ్ట్ ఎక్కించమంటే ఎక్కించాడు, అయస్కాంతం తీస్తే మొహం చిట్లించలేదు. సిల్ సంగతి చూపించినప్పుడు మాత్రం తనకు తెలియదన్నాడు. తెలియదని నేను అనుకోను. 34 వేలకు, ఆ ఎడమ సిల్‌తో, ఈ బండి కొనమని ఎవరికీ చెప్పను. 26 వేలంటే ఒప్పందం, సిల్ నేను కోయించుకుంటాను అన్నాను. యజమానితో మాట్లాడి చెబుతానన్నాడు. ఇంకా ఫోన్ రాలేదు. నాన్న మాత్రం రోజూ అడుగుతున్నాడు, ఇరవై నాలుగు అనాల్సింది అంటాడు.