భూకంపం, సునామీ డిజైన్ ట్రైనింగ్: ఏడేళ్లు వాడి చూశాక నా రివ్యూ

2018లో పది రోజుల ట్రైనింగ్‌కి వెళ్లాను. భూకంపాన్నీ, సునామీనీ తట్టుకునే కట్టడాలు ఎలా డిజైన్ చేయాలో పనిలో ఉన్న ఇంజినీర్లకు నేర్పే కోర్సు. ఎవరు నడిపారో చెప్పను, ఎందుకంటే కింద కొంచెం తిట్టబోతున్నాను. ఫీజు, రైలు, గది అద్దె, ఆఫీసు మూసినందుకు పోయిన పని అన్నీ కలిపితే అప్పట్లో నాకు నెలన్నర సంపాదన. విజయవాడలో చిన్న స్ట్రక్చరల్ ఆఫీసు నాది, ఎక్కువగా స్టిల్ట్ ప్లస్ ఐదు (కింద పిల్లర్ల మధ్య పార్కింగ్, పైన ఐదంతస్తులు) అపార్ట్‌మెంట్లు, అప్పుడప్పుడు ఓ కల్యాణమండపం. వెళ్లొచ్చిన వారానికే రాసి ఉంటే ఐదుకి ఐదు ఇచ్చేవాణ్ణి. ఇప్పుడు నాలుగు.

మొదటి మూడు రోజులు సాఫ్ట్‌వేర్. యూట్యూబ్‌లో దొరికే సరుకే. ఏసీ మాత్రం బాగుంది.

నాలుగో రోజు ఒక పెద్దాయన వచ్చి ల్యాప్‌టాప్‌లు మూయించారు. "మీ ఊళ్లో ఐదంతస్తుల బిల్డింగ్‌ని భూకంపం ఎంత బలంతో తోస్తుందని కోడ్ అంటోంది? కంప్యూటర్ లేకుండా చెప్పండి" అన్నారు. పన్నెండేళ్లుగా ఇదే పని చేస్తున్నవాణ్ణి, నోరు పెగల్లేదు. ఆయనే బోర్డు మీద వేశారు. భూకంప బలం లెక్కకి మన దేశంలో వాడే కోడ్ ఐఎస్ 1893, అప్పటి దాని ప్రకారం విజయవాడ జోన్ 3, జోన్ ఫ్యాక్టర్ 0.16. అందులో సగం 0.08. మామూలు ఎత్తున్న బిల్డింగ్‌కి 2.5తో గుణిస్తే 0.20. దాన్ని ఆర్ (కోడ్ ఇచ్చే తగ్గింపు అంకె) విలువ 5తో భాగిస్తే 0.04. అంటే బిల్డింగ్ బరువులో నూటికి 4 వంతుల బలం అడ్డంగా. ఇంతేనా అనుకున్నాం అందరం. అప్పుడు ఆయన ఆ 5 కింద గీత గీసి, ఇది మీకెవరిచ్చారు అని అడిగారు.

ఏడేళ్లుగా నా పనిని నడిపిస్తున్నది ఆ ఒక్క ప్రశ్నే. నిజంగా ఊగినప్పుడు భూమి మన మీద దయతలచి బలాన్ని ఐదో వంతుకి తగ్గించుకోదు. కాంక్రీటు పగులుతుంది, ఇనుము సాగుతుంది, అలా సాగుతూ ఆ ఊపుని మింగుతుంది, బిల్డింగ్ పాడైనా కూలకుండా నిలబడితే జనం బయటికొస్తారు. అలా సాగేలా కడతామని మనం మాట ఇస్తేనే కోడ్ ఆ తగ్గింపు ఇచ్చింది. ఆ మాట నిలబెట్టేవి సైట్లో నిలువు రాడ్ల చుట్టూ కట్టే ఇనప రింగులు. అంతకుముందు నేను ఆర్ 3 పెట్టేసి, కాస్త ఎక్కువ బలానికి డిజైన్ చేస్తే ఐఎస్ 13920 (అలా సాగేలా ఇనుము ఎలా కట్టాలో చెప్పే కోడ్) గొడవ తప్పుతుందనుకునేవాణ్ణి. జోన్ 3 నుంచి పైన అది కుదరదని 2016 కోడ్‌లో టేబుల్ కింద నోట్‌లో స్పష్టంగా ఉంది. నేనెప్పుడూ ఆ నోట్ చదవలేదు, సిగ్గుగానే చెబుతున్నా.

ఆ మధ్యాహ్నం ల్యాబ్‌లో రింగు చివర హుక్కు కోసం మా చేత 8 ఎంఎం రాడ్ వంచించారు. 90 డిగ్రీల హుక్కు సులువుగా వచ్చేసింది. 135 డిగ్రీలు వంచి, చివర రాడ్ మందానికి ఆరు రెట్లు లేదా 65 మిల్లీమీటర్లు, ఏది ఎక్కువైతే అంత తోక వదలాలంటే నాకు చెమటలు పట్టాయి. ఎందుకింత కష్టమంటే, గట్టిగా ఊగినప్పుడు పిల్లర్ బయటి కాంక్రీటు పొర రాలిపోతుంది. అప్పుడు 90 డిగ్రీల హుక్కుని పట్టుకునేది ఏదీ ఉండదు, రింగు విచ్చుకుంటుంది, నిలువు రాడ్లు బయటికి వంగుతాయి. 135 హుక్కు అయితే లోపలి కాంక్రీటులోకి దిగబడి ఉంటుంది. పిల్లర్ రెండు చివర్లా రింగుల మధ్య దూరం 100 మిల్లీమీటర్లు దాటకూడదని, ల్యాప్ (రాడ్డుకి రాడ్డు వేసే అతుకు) స్లాబు మీద కాకుండా పిల్లర్ మధ్య భాగంలో వేయాలని కూడా అక్కడే బుర్రకెక్కింది. మా ఊళ్లో ల్యాప్ ఎక్కడేస్తారో నా తోటి ఇంజినీర్లకి చెప్పక్కర్లేదు.

ఇక తిట్టే భాగం. అక్కడ కూర్చున్న నలభై మందిలో ఇనుము వంచేవాడు ఒక్కడు లేడు. తిరిగొచ్చి మొదటి సైట్లోనే హుక్కులు విప్పించి మళ్లీ కట్టమంటే మేస్త్రీ అన్న మాట: "సార్, ముప్పయ్యేళ్ల నుంచీ ఇట్టాగే కడతన్నా, ఒక్క బిల్డింగన్నా పడిందేమో చెప్పండి." పడలేదు, నిజమే, పరీక్ష రాలేదు కాబట్టి. ఆయనతో రెండు వారాలు వాదించాక అసలు సంగతి తెలిసింది. ఆయనకిచ్చేది టన్నుకింత. 135 హుక్కుతో రింగు ఎక్కించడం ఆలస్యం, రోజుకి అయ్యే పని తగ్గుతుంది, కూలీలకి ఆయన జేబులోంచి పోతుంది. బిల్డర్‌ని కూర్చోబెట్టి టన్నుకి కొంత పెంచాక వాదన ఆగిపోయింది, హుక్కులు వాటంతటవే వంగాయి! పది రోజుల క్లాసులో ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. రేటు గురించి మాట్లాడటం ప్రొఫెసర్లకి చిన్నతనమేమో.

స్టిల్ట్ సంగతి ఇంకా కష్టం. 2001 జనవరి 26న భుజ్ దగ్గర వచ్చిన భూకంపానికి రెండొందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కూలాయి, వాటిలో చాలావాటికి కింద పార్కింగే. పైన ప్రతి అంతస్తులో ఇటుక గోడలు బిగించి పట్టుకుంటాయి, కింద ఉత్త పిల్లర్లు, కదలికంతా అక్కడే. ఆ ఫొటోలు చూపిస్తూ అరపూట చెప్పారు, చాలా బాగా చెప్పారు. కానీ కింద షియర్ వాల్ (అడ్డంగా తోసే బలాన్ని ఆపే కాంక్రీటు గోడ) పెడదామంటే బిల్డర్ మొదటి ప్రశ్న "ఎన్ని కార్లు పోతాయి సార్?" అనే. లిఫ్టు చుట్టూ గోడ ఎలాగూ ఉంటుంది, దానికి తోడు అటూ ఇటూ చివర్లలో కార్ల మధ్య గీత పడే చోట గోడలు పెట్టి, ఒక్క కారు కూడా పోకుండా గీసి చూపించడం నా అంతట నేను నేర్చుకోవాల్సి వచ్చింది. లిఫ్టు గోడ ఒక మూల ఉంటే బిల్డింగ్ మెలి తిరుగుతుంది, కాబట్టి చివర్లలో గోడలు తప్పవు.

2024 డిసెంబర్ 4 పొద్దున ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కదిలినప్పుడు విజయవాడలోనూ తెలిసింది. ఏడున్నర కూడా కాలేదు, నా ఫోన్ మోగడం మొదలు. పాత కస్టమర్లు, వాళ్ల తోడల్లుళ్లు, ఎప్పుడో ఫ్లాటు కొన్న ఒక రిటైర్డ్ హెడ్మాస్టారు: "బాబూ, మన బిల్డింగ్‌కి ఏం కాదుగా?" 2018 తర్వాత చేసినవాటికి వెంటనే జవాబు చెప్పాను. అంతకుముందు చేసినవాటికి "వచ్చి చూస్తానండీ" అన్నాను. ఆ టెన్షన్ ఇప్పటికీ పోలేదు, అలా వెళ్లి చూసిన రెండింటిలో మెట్ల మధ్య ల్యాండింగ్ బీమ్ దగ్గర పిల్లర్ పొట్టిదై బలమంతా అక్కడే పడేలా ఉంది. గీసింది నేనే.

సునామీకి ఇచ్చింది ఒక్క పూట, నేను ఒకటి తగ్గించింది అందుకే. కోర్సు పేరులో సగం అదే కదా! 2004 డిసెంబర్ 26న మన కోస్తాలోనూ వంద మందికి పైగా పోయారు. చెప్పిన కొంచెమూ గట్టిదే: నీళ్లు తోసే బలం, కింద నుంచి తేల్చే బలం, కొట్టుకొచ్చే వస్తువుల దెబ్బ, పునాది చుట్టూ మట్టి కోసుకుపోవడం. 2011లో జపాన్‌లోని ఒనగావాలో కాంక్రీటు బిల్డింగులు పునాదితో సహా పక్కకి పడిపోయిన ఫొటోలు చూశాక నీళ్లని తక్కువగా చూడటం మానేశాను. లెక్కకి మాత్రం అమెరికా వాళ్ల ఏఎస్‌సీఈ 7 కోడ్ చేతిలో పెట్టారు, సునామీ అధ్యాయం అందులోకి 2016లోనే వచ్చింది. ఉదాహరణలన్నీ కంటెయినర్లు, ఓడలు. మన పల్లెకారుల ఫైబర్ పడవ వచ్చి పిల్లర్‌ని గుద్దితే ఏమిటన్నది లేదు.

2021లో బాపట్ల వైపు ఒక తుఫాను షెల్టర్ డిజైన్ చెక్ చేసే పని వచ్చింది. అసలు చిక్కు అప్పుడు తగిలింది. నీళ్లు కింది నుంచి పోవాలంటే కింద ఖాళీగా వదలాలి. భూకంపానికి అదే ఖాళీ అంతస్తు గండం. పది రోజుల్లో ఈ రెండింటినీ ఒకే బిల్డింగ్‌లో పెట్టి చూపించలేదు, పొద్దున ఒకటి, ఇంకోపూట ఇంకొకటి. చివరికి కాంక్రీటు గోడల సన్నటి అంచు సముద్రం వైపు ఉండేలా పెట్టి, నీళ్లు రెండు పక్కలా జారిపోయేలా చూశాం. అడ్డంగా వచ్చే ఊపుకి పిల్లర్లు లావు చేశాం, పునాది లోతుకి దించాం, కింద ఇటుక గోడలు వద్దని డ్రాయింగ్ మీద పెద్దక్షరాలతో రాశాం. కిందటేడాది అటు వెళ్తే ఎవరో వలలు పెట్టుకోడానికి మూడు వైపులా ఇటుక కట్టేసి ఉన్నారు.

కొత్తగా డిగ్రీ అయినవాళ్లు దీనికి అంత డబ్బు పెట్టొద్దు. ఐఐటీ కాన్పూర్‌లోని నైసీ (భూకంప ఇంజినీరింగ్ సమాచార కేంద్రం) వాళ్ల భూకంప చిట్కాలు ఉచితంగా దొరుకుతాయి, ముందు అవి చదివి, రెండేళ్లు సైట్లో నిలబడి వెళ్లండి, అప్పుడు ఆ పెద్దాయన ప్రశ్న గుచ్చుకుంటుంది. ఇప్పటికే సొంతంగా సంతకం పెడుతున్నవాళ్లయితే అప్పు చేసైనా వెళ్లొచ్చు. వచ్చే బ్యాచ్‌కి మా సైట్ ఇంజినీర్ అమ్మాయిని పంపుతున్నా, ఫీజు నేనే కడుతున్నా. మేస్త్రీని కూడా తీసుకురావచ్చా అని అడిగితే డిగ్రీ సర్టిఫికెట్ ఉండాలన్నారు.