సీప్యాప్ మెషీన్‌తో నెల్లూరు, మైపాడు, జొన్నవాడ

సికింద్రాబాద్ నుంచి నెల్లూరంటే మా ఇంట్లో అందరికీ సింహపురి ఎక్స్‌ప్రెస్సే అలవాటు. రాత్రి ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి ఊరొచ్చేస్తుంది. నాకు స్లీప్ యాప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు. దానికి రాత్రిళ్లు మాస్కుతో గాలి పంపే సీప్యాప్ మెషీన్ పెట్టుకోవడం మొదలయ్యాక నేను ఆ రైలు మానేశాను. రాత్రి 11 నుంచి పొద్దున 5 దాకా బోగీల్లో ఛార్జింగ్ ప్లగ్గులకు కరెంటు ఆపేయాలన్నది రైల్వే నియమం. నాకు కరెంటు కావాల్సింది సరిగ్గా ఆ వేళలోనే. అందుకని ఈసారి అమ్మతో కలిసి తిరుపతి వందే భారత్ ఎక్కాను. 2023 నుంచి నడుస్తోంది, పగటి రైలు. టికెట్ ఎక్కువే, అయినా రాత్రంతా ఊపిరి గురించి టెన్షన్ పడటం కంటే నయం.

నెల్లూరులో బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో దిగాం. ఇన్వర్టర్ ఉందా అని ముందే ఫోన్లో అడిగితే "ఉంది సార్" అన్నారు. అర్ధరాత్రి కరెంటు పోయింది. ఫ్యాను తిరుగుతోంది, లైటు వెలుగుతోంది, మెషీన్ మాత్రం ఆగిపోయింది. ఇన్వర్టర్ లైను ప్లగ్గులకు ఇవ్వలేదట! మాస్కులో గాలి ఆగిపోతే ఎలా ఉలిక్కిపడి లేస్తామో వాడేవాళ్లకే తెలుసు. అందుకే గది తీసుకునేటప్పుడు ఇన్వర్టర్ ఉందా అని అడిగితే సరిపోదు, మంచం పక్కన ప్లగ్గుకు ఆ లైను వస్తుందా అని అడగాలి. ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఎలాగూ వెంట ఉండాల్సిందే.

మైపాడులో సముద్రం దగ్గర దొరికిన గది చాలా మెరుగు. జనరేటర్ ఉంది, తలవైపే ప్లగ్గు ఉంది. కాకపోతే ఏసీ చల్లదనానికి, మెషీన్ గాలికి తేమ కలిపే హ్యూమిడిఫైయర్ ఆవిరి గొట్టంలోనే నీరైపోయి గుడగుడమంది, మాస్కులోకి రెండు చుక్కలు జారి ముక్కు మీద పడ్డాయి. మెషీన్‌ను మంచం కంటే కిందికి దించి, గొట్టానికి తువ్వాలు చుట్టి, హ్యూమిడిఫైయర్ తగ్గించాను. ఆ ఉప్పుగాలిలో తేమకు కొదవేముంది, నోరు ఎండలేదు. హ్యూమిడిఫైయర్ ట్యాంకులో పోయడానికి డిస్టిల్డ్ వాటర్ నెల్లూరు మందుల షాపులోనే కొనిపెట్టుకున్నాం. సీసా తీసుకెళ్లడం మేలు. చోటు మారేటప్పుడు ట్యాంకులో నీళ్లు పారబోయాలి, లేకపోతే బ్యాగు కదిలినప్పుడు మెషీన్లోకి పోతాయి.

అసలు మేం వచ్చింది జొన్నవాడకు. పెన్న ఒడ్డున కామాక్షమ్మ గుడిలో నిద్ర చేస్తానని అమ్మ ఎప్పుడో మొక్కుకుంది. జబ్బులతో బాధపడేవాళ్లూ పిల్లల్లేనివాళ్లూ ఇక్కడికొచ్చి రాత్రి పడుకోవడం తరాలుగా ఉన్న ఆచారం. అమ్మను ఒంటరిగా వదల్లేను, మెషీన్ లేకుండా నేను పడుకోలేను. సీప్యాప్‌కని విడిగా దొరికే బ్యాటరీ అందుకే తెచ్చాను. హ్యూమిడిఫైయర్ వేడెక్కడానికే కరెంటు ఎక్కువ తాగుతుంది, అది ఆపేస్తే అదే బ్యాటరీ ఇంకా చాలాసేపు వస్తుంది. చాపలు పరుచుకున్న జనం మధ్య మాస్కు పెట్టుకోబోతుంటే పక్క చాప మీద పెద్దావిడ లేచి కూర్చుంది.

"ఏంది నాయనా అది, ఆక్సిజనా?"

"కాదమ్మా, మామూలు గాలే. నిద్రలో గొంతు మూసుకుపోకుండా కాస్త ఒత్తిడితో లోపలికి పంపిస్తుంది."

"మా ఇంటాయన గురక పెడతా పెడతా ఉన్నట్టుండి ఆగిపోతాడు. మళ్లీ ఎగిరిపడి లేస్తాడు."

నాకు గుండె ఝల్లుమంది. స్లీప్ టెస్టుకు ముందు మా ఆవిడ నా గురించి చెప్పింది అచ్చం అదే. ఊపిరి ఆగినప్పుడల్లా రక్తంలో ఆక్సిజన్ పడిపోతుందని, బీపీకీ గుండెకూ మంచిది కాదని, ముందు డాక్టరుకు చూపించి రాత్రి నిద్ర పరీక్ష చేయించమని చెప్పాను. ఆవిడ కొడుకు ఫోన్లో పరీక్ష పేరు రాసుకున్నాడు. నాకైతే ఆ రాత్రి బాగానే నిద్రపట్టింది. ఫ్యాను చప్పుడంత కూడా లేదు మెషీన్ చప్పుడు, ఎవరూ విసుక్కోలేదు.

భైరవకోనలో గుహాలయాలూ జలపాతమూ చూసి సాయంత్రానికే తిరిగొచ్చాం. అక్కడ రాత్రి ఉండే ఆలోచన పెట్టుకోలేదు. మాలకొండ మిగిలిపోయింది. ఆ గుడి శనివారమే తెరుస్తారు కాబట్టి శుక్రవారం రాత్రి కందుకూరులో బస చేయాలి. అక్కడ ప్లగ్గుకు ఇన్వర్టర్ లైను ఉన్న గది తెలిసినవాళ్లుంటే చెప్పండి.