బాంకో ప్రేతం: నటుడు కూర్చోవాలా, కుర్చీ ఖాళీగా ఉండాలా?

షేక్‌స్పియర్ నాటకం ‘మాక్బెత్’ మూడో అంకం, నాలుగో రంగం. రాజు మాక్బెత్ ఇచ్చే విందు; అతను చంపించిన సహచరుడు బాంకో ప్రేతమై అక్కడికి వస్తాడు. 1623 ముద్రణలో రంగసూచన స్పష్టంగానే ఉంది: ప్రేతం వచ్చి మాక్బెత్ చోట్లో కూర్చుంటుంది. నటుణ్ణి కూర్చోబెడితే తలమీది ఇరవై గాట్లు మనకూ కనిపిస్తాయి, రాజు భయం మనకూ అంటుకుంటుంది. చిక్కల్లా అతిథులతోనే: ప్రేతం వాళ్లకు కనిపించకూడదు, ఒక్కరి చూపు అటు మళ్లినా దృశ్యం చెడిపోతుంది.

1794లో లండన్ డ్రూరీ లేన్ నాటకశాలలో నటుడు కెంబుల్ ఈ రంగాన్ని ఖాళీ కుర్చీతోనే నడిపాడు. అప్పుడు మనం లేడీ మాక్బెత్ వైపు చేరతాం. ఆమెకు కనిపించేదీ ఉత్త ఆసనమే. భారమంతా నటుడి చూపు మీద పడుతుంది. ప్రేతం రెండుసార్లు వస్తుంది; ఆ చూపు ఒకే ఎత్తులో నిలవకపోతే ఎవరూ నమ్మరు.

నా ఓటు నటుడికే. హంతకులను పురమాయించింది మాక్బెత్ ఒక్కడే, భార్యకు కూడా చెప్పకుండా. ఆ విందులో ఆ నేరం తెలిసింది అతనికీ మనకూ మాత్రమే. ప్రేతమూ మనిద్దరికే కనిపించాలి.