నష్టాల్లో ఉన్న బేస్‌బాల్ జట్టు: ఎత్తేయాలా, ఊరు మార్చాలా, నిలబెట్టాలా?

2001 నవంబర్ 4న అరిజోనా డైమండ్‌బ్యాక్స్ ఏడో ఆటలో, ఆఖరి ఇన్నింగ్స్‌లో న్యూయార్క్ యాంకీస్‌ను ఓడించి వరల్డ్ సిరీస్, అంటే అమెరికా బేస్‌బాల్ ఛాంపియన్‌షిప్ ఫైనల్, గెలిచింది. సరిగ్గా రెండు రోజులకు అమెరికాలో బేస్‌బాల్ అగ్రశ్రేణి పోటీ అయిన మేజర్ లీగ్‌లోని జట్ల ఓనర్లు సమావేశమై, 28–2 ఓట్ల తేడాతో రెండు జట్లను లేకుండా చేయాలని తీర్మానించారు. జట్ల పేర్లు ప్రకటించలేదు కానీ అందరికీ తెలుసు: కెనడాలోని మాంట్రియల్ ఎక్స్‌పోస్, అమెరికాలోని మిన్నెసోటా ట్విన్స్. దీనికి వాళ్లు పెట్టిన పేరు కాంట్రాక్షన్. సూటిగా చెప్పాలంటే జట్టును ఎత్తేయడం.

డబ్బు చాలని జట్టును ఏం చేయాలన్న ప్రశ్నకు అప్పుడూ ఇప్పుడూ మూడే దారులు కనిపిస్తాయి. ఎత్తేయడం, వేరే ఊరికి పంపడం, లేదా లీగ్ ఆదాయాన్ని ఇంకాస్త సమంగా పంచి ఉన్నచోటే నిలబెట్టడం. ఆ తీర్మానం తర్వాత ఏం జరిగిందో మన కళ్లముందే ఉంది కాబట్టి, ఈ మూడింటినీ ఊహలతో కాకుండా జరిగినదాన్ని పట్టి తూచవచ్చు.

ఎత్తేయాలన్న వాదనలో బలం లేకపోలేదు. 2001లో ఎక్స్‌పోస్ సొంత మైదానంలో ఆడిన ఆటలకు సగటున ఎనిమిది వేల మంది కూడా రాలేదు. నలభై వేలకు పైగా పట్టే ఒలింపిక్ స్టేడియంలో అది ఎంత బోసిగా ఉంటుందో ఊహించుకోండి. ఆ ఏడాది సీజన్ మొదట్లో యాంకీస్ ఆటగాళ్ల జీతాలు దాదాపు 11 కోట్ల డాలర్లు, ట్విన్స్‌వి రెండున్నర కోట్ల లోపు. ఇంత తేడా ఉన్న చోట పోటీ ఏముంటుంది? రెండు బలహీన జట్లు పోతే టీవీ డబ్బు 30 వాటాలు కాకుండా 28 వాటాలవుతుంది, మిగిలిన జట్లకు మంచి ఆటగాళ్లు దొరుకుతారు అన్నారు. లీగ్ కమిషనర్ బడ్ సెలిగ్ అమెరికా కాంగ్రెస్ ముందుకు వచ్చి, ఆ ఏడాది జట్లన్నీ కలిపి 51.9 కోట్ల డాలర్లు నష్టపోయాయని చెప్పారు. ఆ లెక్కను అప్పుడే చాలామంది నమ్మలేదు. ఫోర్బ్స్ పత్రిక వేసిన లెక్క వేరుగా వచ్చింది.

నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం వేరే ఉంది. జట్టును ఎత్తేస్తే ఓనర్‌కు పరిహారం వస్తుంది. ట్విన్స్ ఓనర్ కార్ల్ పోల్యాడ్ దేశంలోని పెద్ద ధనవంతుల్లో ఒకరు, ఆయన ఈ ఆలోచనకు అడ్డు చెప్పలేదు. పోగొట్టుకునేది ఆటగాళ్లు, స్టేడియంలో పనిచేసేవాళ్లు, తండ్రి చెయ్యి పట్టుకుని ఆటకు వెళ్లిన పిల్లలు. పైగా సెలిగ్ కుటుంబానిదైన మిల్వాకీ బ్రూవర్స్‌కు 1995లో పోల్యాడ్ కంపెనీ ఒకటి 30 లక్షల డాలర్లు అప్పిచ్చిందని కొన్ని వారాలకే బయటపడింది. మిన్నెసోటా జట్టు పోతే లాభపడే పొరుగు జట్టు కూడా అదే. తీర్పు చెప్పేవాళ్లకే తగాదాలో వాటా ఉంటే ఆ తీర్పును ఊరు ఎలా ఒప్పుకుంటుంది?

ట్విన్స్‌ను కాపాడింది ఒక అద్దె ఒప్పందం. 2002 సీజన్ తమ స్టేడియమైన మెట్రోడోమ్‌లో ఆడి తీరాలని, మిన్నియాపొలిస్ నగరం ఉన్న హెన్నెపిన్ కౌంటీ జడ్జి హ్యారీ క్రంప్ ఉత్తర్వు ఇచ్చారు. ఆ స్టేడియం కట్టడం కోసం అక్కడి వ్యాపారాల స్థలాలను ప్రభుత్వం తీసుకుందని, ఇక్కడ ప్రైవేటు లాభం కంటే ప్రజల ప్రయోజనం పెద్దదని అందులో రాశారు. పై కోర్టులు దాన్ని మార్చలేదు. 2002 ఫిబ్రవరిలో సెలిగ్ ఆ ఏడాదికి ప్రయత్నం మానుకున్నారు. ఆగస్టులో ఆటగాళ్ల సంఘంతో కుదిరిన ఒప్పందంలో 2006 దాకా జట్లను ఎత్తేయకూడదన్న షరతు చేరింది.

ఆ తర్వాత ట్విన్స్ ఏం చేసింది? 2002లో 94 ఆటలు గెలిచి డివిజన్‌లో మొదటి స్థానంలో నిలిచింది. ప్లేఆఫ్స్‌లో ఓక్లాండ్‌ను ఇంటికి పంపింది. 2000లో సీజన్ మొత్తానికి సుమారు పది లక్షల మంది చూసిన జట్టును 2002లో 19 లక్షలకు పైగా వచ్చి చూశారు. బతకదన్న జట్టు ఇది!

మనవాళ్లకు డెక్కన్ చార్జర్స్ గుర్తుంటుంది. 2009లో ఐపీఎల్ గెలిచిన జట్టును 2012లో బీసీసీఐ రద్దు చేసింది. అయినా హైదరాబాద్‌కు ఆ వెంటనే సన్‌రైజర్స్ వచ్చింది. పేరు పోయినా ఊరికి ఆట మిగిలింది. మిన్నెసోటాకు అలాంటి హామీ ఎవరూ ఇవ్వలేదు.

ఇక రెండో దారి, ఊరు మార్చడం. ఎక్స్‌పోస్ కథ ఇదే. అప్పటి ఓనర్ జెఫ్రీ లోరియా దగ్గర నుంచి లీగే ఆ జట్టును 12 కోట్ల డాలర్లకు కొన్నది. అంటే మిగతా 29 జట్ల ఓనర్లు తమ పోటీదారుకు తామే యజమానులయ్యారు. ఎప్పుడు మూసేస్తారో తెలియని టెన్షన్‌లో, 2002లో మేనేజర్లు భవిష్యత్తును అమ్మి వర్తమానాన్ని కొన్నారు. బార్టోలో కొలన్ అనే ఒక్క పిచర్ (బంతి విసిరే ఆటగాడు) కోసం క్లిఫ్ లీ, గ్రేడీ సైజ్‌మోర్, బ్రాండన్ ఫిలిప్స్ అనే యువ ఆటగాళ్లను వదులుకున్నారు. రేపు ఉంటామో లేదో తెలియనప్పుడు విత్తనాలు దాచుకునేదెవరు? 2003, 2004 సీజన్లలో ఏటా 22 హోమ్ ఆటలు ప్యూర్టోరికోలో ఆడించారు. 2004 సెప్టెంబర్ 29న మాంట్రియల్‌లో ఆఖరి ఆటకు 31 వేల మందికి పైగా వచ్చారు. జట్టు వాషింగ్టన్‌కు వెళ్తోందని అదే రోజు ప్రకటించారు.

అక్కడ అది నేషనల్స్ అయింది. 2006లో లీగ్ దాన్ని 45 కోట్ల డాలర్లకు అమ్మింది. 2019లో ఆ జట్టే వరల్డ్ సిరీస్ గెలిచింది. ఎందుకూ పనికిరాదని ఎత్తేయబోయిన ఆస్తికి నాలుగేళ్లలో దాదాపు నాలుగింతలు ధర పలికిందంటే, ఎత్తేయాలన్న ఆలోచన ఓనర్ల సొంత లెక్క ప్రకారం కూడా తప్పే. 1971లో జట్టును పోగొట్టుకున్న వాషింగ్టన్‌కు ఇది న్యాయంగానే అనిపించింది. మాంట్రియల్‌కు మాత్రం ఇప్పటికీ మేజర్ లీగ్ జట్టు లేదు.

ఆ ఊరి జనానికి బేస్‌బాల్ అంటే ఇష్టం లేదని అనడం కూడా తప్పు. 1994 ఆగస్టులో ఆటగాళ్ల సమ్మె మొదలయ్యే నాటికి 74 గెలుపులు, 40 ఓటములతో లీగ్ మొత్తంలో ముందున్నది ఎక్స్‌పోసే. ఆ ఏడాది వరల్డ్ సిరీసే జరగలేదు. మరుసటి ఏడాదికి ల్యారీ వాకర్, మార్క్విస్ గ్రిసమ్, జాన్ వెటెలాండ్, కెన్ హిల్ అనే ముఖ్య ఆటగాళ్లు నలుగురూ జట్టులో లేరు. 2000 సీజన్‌లో ఇంగ్లీషు రేడియోలో ఆటల ప్రసారం కూడా లేదు. జనం జట్టును వదిలేయడానికి ముందే జట్టు జనాన్ని వదిలేసింది.

మూడో దారి ఆదాయం పంచడం. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్‌లో జాతీయ టీవీ డబ్బు అందరికీ సమానం, జీతాలకు పరిమితి ఉంది. అందుకే లక్ష జనాభా ఉన్న గ్రీన్ బే పెద్ద నగరాలతో దీటుగా ఆడుతోంది. బేస్‌బాల్‌లో స్థానిక టీవీ ఒప్పందాలే ముఖ్యం కాబట్టి న్యూయార్క్‌కూ మిన్నియాపొలిస్‌కూ పొంతన కుదరదు. 2002 ఒప్పందం స్థానిక ఆదాయంలో పంపకాన్ని పెంచింది, అది మంచి అడుగు. అయితే తీసుకున్న డబ్బు ఆటగాళ్ల మీద ఖర్చు పెట్టకపోతే ప్రయోజనం లేదు. 2018లో ఆటగాళ్ల సంఘం మార్లిన్స్, పైరేట్స్, రేస్, ఏస్ జట్ల మీద ఇదే ఫిర్యాదు చేసింది. స్టేడియం బిల్లు కూడా ఉంది: 2010లో తెరిచిన ట్విన్స్ కొత్త స్టేడియం టార్గెట్ ఫీల్డ్ కోసం హెన్నెపిన్ కౌంటీ జనం 0.15 శాతం అదనపు అమ్మకపు పన్ను మోశారు.

ఇంత చూశాక నా ఓటు మూడో దారికే, ఒక షరతుతో: పంచుకున్న డబ్బులో ఇంత భాగం జీతాలకు వాడి తీరాలన్న కనీస హద్దు నియమంగా ఉండాలి. అలా చేసినా పదేళ్లపాటు ఊరి జనం ఆటకు రాకపోతే, అప్పుడు తరలింపు గురించి మాట్లాడుకోవచ్చు. అదీ కొత్త ఓనర్‌కు ఆ ఊళ్లోనే ప్రయత్నించే అవకాశం ఇచ్చాకే. 1968 నుంచి ఓక్లాండ్‌లో ఉన్న ఏస్ జట్టు 2024 సెప్టెంబర్‌లో అక్కడ ఆఖరి ఆట ఆడి వెళ్లిపోయింది. అంతకుముందు ఏడాది అభిమానులు "జట్టును అమ్మండి" అని రాసిన ఆకుపచ్చ చొక్కాలు వేసుకుని పెద్ద సంఖ్యలో స్టేడియానికి వచ్చారు. వాళ్లు అడిగింది వేరే ఓనర్‌ను.