ఎన్‌బీఏ కాకుండా ఇంకో లీగ్ చూడాలంటే: స్పెయిన్ మేలా, ఆస్ట్రేలియా మేలా?

బాస్కెట్‌బాల్ అనగానే మనలో చాలామందికి అమెరికాలోని ఎన్‌బీఏ తప్ప ఇంకేదీ గుర్తుకు రాదు. మేటి ఆటగాళ్లంతా అక్కడే ఉన్నారు కాబట్టి అది సహజమే. కానీ ఎక్కువ మ్యాచ్‌లు మనకు తెల్లవారుజామునే మొదలవుతాయి. నాలుగో క్వార్టర్ రసపట్టులో పడేసరికి పిల్లల స్కూల్ బస్సో, మన ఆఫీసో గుర్తొస్తుంది. అంతకంటే పెద్ద ఇబ్బంది ఇంకోటి ఉంది. 82 మ్యాచ్‌ల సీజన్‌లో అడుగున పడ్డ జట్టుకు సగం దాటాక గెలిచి తీరాల్సిన అవసరం ఉండదు. ఓడితే డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట, మంచి కుర్రాడు దక్కే అవకాశం పెరుగుతుందని అభిమానులే లెక్కలు వేసుకుంటారు. సొంత జట్టు ఓడిపోతే బాగుండని అభిమాని అనుకోవడం నాకు మింగుడు పడదు.

అందుకే ఎన్‌బీఏతో పాటు రెండో లీగ్ ఒకటి చూడటం మొదలుపెట్టమని ఈ ఆట ఇష్టపడే ప్రతి ఒక్కరికీ చెబుతుంటాను. నా దృష్టిలో చూడదగ్గవి రెండు: స్పెయిన్‌లో ఏసీబీ, ఆస్ట్రేలియాలో ఎన్‌బీఎల్. రెంటికీ నేను పెట్టే పరీక్ష ఒక్కటే. పట్టికలో అడుగున ఉన్న జట్టు మ్యాచ్‌కి కూడా విలువ ఉందా, లేదా?

ఆట వరకూ చూస్తే రెండూ ప్రపంచ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా నియమాలతోనే నడుస్తాయి. క్వార్టర్‌కు 10 నిమిషాలు, మొత్తం 40. ఐదు ఫౌల్స్ చేస్తే ఆటగాడు బయటికి పోవాల్సిందే. డిఫెన్స్ చేసే ఆటగాడు ఎవరినీ కాపు కాయకుండా మూడు సెకన్లకు మించి బాస్కెట్ దగ్గర నిలవకూడదన్న ఎన్‌బీఏ రూల్ ఇక్కడ లేదు కాబట్టి, పొడవాటి సెంటర్ అక్కడే పాతుకుపోయి కాపలా కాయొచ్చు. బంతి ఒకసారి రింగుకు తగిలిందంటే, ఇంకా రింగు మీద దొర్లుతున్నా సరే, దాన్ని చేత్తో తోసేయొచ్చు. ఎన్‌బీఏలో బంతి రింగు మీద ఉండగా ఇదే పని చేస్తే తప్పు. ఎన్‌బీఏకు అలవాటు పడ్డ కంటికి మొదట్లో ఇది వింతగా ఉంటుంది. కానీ లోపలి దారి మూసుకుపోవడం వల్ల ఒక్కడే డ్రిబుల్ చేసుకుంటూ దూసుకెళ్లడం కష్టం. నలుగురి చేతులూ మారితే గానీ మంచి షాట్ దొరకదు. ఆ పాస్‌లు చూడటం ఒకసారి అలవాటైతే ఇక వదల్లేరు.

ఇక స్పెయిన్ సంగతి. ఏసీబీ 1983లో మొదలైంది. 18 జట్లు, 34 రౌండ్లు. మొదటి ఎనిమిది జట్లు ప్లేఆఫ్స్‌కి, చివరి రెండూ కింది డివిజన్‌కి. ఇదొక్కటే అయితే గొప్ప ఏమీ లేదు. సీజన్ సగం అయ్యేసరికి సాధారణంగా మొదటి ఎనిమిది స్థానాల్లో ఉన్నవాళ్లకు కోపా దెల్ రే ఆడే అర్హత దక్కుతుంది. ఫిబ్రవరిలో, ఒకే ఊళ్లో, నాలుగు రోజుల్లో ముగిసే నాకౌట్ టోర్నీ అది. అంటే తొమ్మిదో స్థానంలో ఉన్న జట్టుకు డిసెంబరులోనే టెన్షన్ మొదలవుతుంది. పదహారో స్థానంలో ఉన్నవాళ్లకు మే నెల దాకా నిద్ర పట్టదు. మధ్యలో ఉన్నవాళ్లు పైకీ కిందికీ చూసుకుంటూ ఆడాలి. ఏ ఆదివారం ఏ మ్యాచ్ పెట్టినా ఎవరో ఒకరికి అది చావోరేవో అయి ఉంటుంది.

ఎస్తూదియాంతెస్ కథ తెలిస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. 1948లో మాడ్రిడ్‌లోని ఒక స్కూల్లో పుట్టిన క్లబ్ అది. రియల్ మాడ్రిడ్, బదలోనాలోని జువెంతుత్‌లతో పాటు ఎన్నడూ కింది డివిజన్‌కు దిగని మూడో క్లబ్‌గా దానికి పేరుండేది. నిజానికి 2012లోనూ, 2016లోనూ అది దిగిపోవాల్సిన స్థానంలోనే సీజన్ ముగించింది. అయినా దిగలేదు. కింద నుంచి గెలిచి వచ్చిన క్లబ్బులు ఏసీబీలో చేరడానికి కట్టాల్సిన భారీ సొమ్ము కట్టలేకపోవడమే కారణం. కోర్టు మీద గెలిచినవాడు డబ్బు లేక ఆగిపోయాడు, ఓడినవాడు ఉండిపోయాడు. ఈ లీగ్ చరిత్రలో నన్ను బాగా బాధపెట్టే విషయం ఇదే. 2017లో మార్కెట్లో వ్యాపార పోటీ సజావుగా సాగేలా చూసే స్పెయిన్ ప్రభుత్వ సంస్థ కూడా ఆ షరతుల్ని తప్పుపట్టింది. చివరికి 2021లో ఎస్తూదియాంతెస్ నిజంగానే కిందికి దిగింది. ఆ అభిమానులకు అది గుండెకోత, కాదనను. కానీ రూల్ అంటే పెద్ద పేరున్న క్లబ్‌కీ వర్తించాలి.

ఏసీబీకి ఒక పెద్ద లోటుంది, దాన్ని దాచను. 2011 నుంచి 2025 దాకా 15 టైటిళ్లలో 13 రియల్ మాడ్రిడ్, బార్సిలోనాలే పంచుకున్నాయి. మధ్యలో 2017లో వలెన్సియా, 2020లో బాస్కోనియా మాత్రమే దూరగలిగాయి. ఫుట్‌బాల్ క్లబ్ అండ ఉన్నవాళ్లతో చిన్న ఊరి జట్టు ఏడాది పొడవునా తూగడం కష్టం. 1998లో మన్రేసా అనే చిన్న ఊరు ఆరో స్థానం నుంచి ప్లేఆఫ్స్‌కి వచ్చి ఏకంగా చాంపియన్ అయింది. అలాంటిది మళ్లీ జరుగుతుందని పందెం కాయలేను. అయితే ఒక్కో మ్యాచ్ లెక్క వేరు. పెద్ద క్లబ్బులు వారం మధ్యలో యూరప్ మేటి క్లబ్బుల పోటీ అయిన యూరోలీగ్ ఆడి, విమానాలు మారి, ఒళ్లు హూనమై ఆదివారం మధ్యాహ్నం ఏదో చిన్న హాల్లో దిగుతాయి. అక్కడే దెబ్బ తింటాయి. 2023 కోపా దెల్ రేలో మాలగా నుంచి వచ్చిన యూనికాహా జట్టు బార్సిలోనాను, ఆ వెంటనే రియల్ మాడ్రిడ్‌ను, ఫైనల్లో టెనెరిఫేను ఓడించి కప్పు ఎత్తుకుపోయింది.

ఆస్ట్రేలియా ఎన్‌బీఎల్ దీనికి పూర్తిగా వేరు. 1979లో మొదలైంది, ఇప్పుడు పది జట్లు, అందులో ఒకటి న్యూజిలాండ్‌ది. కిందికి దిగడం, పైకి ఎక్కడం అనేవి లేవు. జీతాలకు పరిమితి ఉండటంతో జట్లు దాదాపు సమానంగా ఉంటాయి. 2020 నుంచి 2025 దాకా ఆరు సీజన్లలో ఐదు వేర్వేరు చాంపియన్లు: పెర్త్, మెల్‌బోర్న్, సిడ్నీ రెండుసార్లు, టాస్మానియా, ఇల్లవర్రా. ఈ విషయంలో స్పెయిన్ దీని దరిదాపుల్లోకి రాదు.

టాస్మానియా జాక్‌జంపర్స్ గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఆ దీవిలో ఉండే, ఎగిరి కుట్టే చీమ పేరు పెట్టుకున్న జట్టది. 2021లో లీగ్‌లోకి వచ్చి, మొదటి సీజన్‌లోనే ఫైనల్ చేరింది. మూడో సీజన్‌లో, 2024లో, మెల్‌బోర్న్ యునైటెడ్‌తో ఐదు మ్యాచ్‌ల ఫైనల్ చివరి మ్యాచ్ దాకా వెళ్లింది. అవతలి వాళ్ల సొంత కోర్టులో 83-81తో గెలిచి టైటిల్ పట్టుకుపోయింది. కొత్త జట్టుకు ఇంత త్వరగా ఇంత దక్కడం స్పెయిన్‌లో ఊహించలేం.

కిందికి దింపే పద్ధతి ఎన్‌బీఎల్‌లో ఎందుకు లేదో కూడా ఆలోచించాలి. అక్కడ క్లబ్ బతకడమే ఒకప్పుడు గగనం. 2008లో సిడ్నీ, బ్రిస్బేన్ రెండూ లీగ్‌కు దూరమయ్యాయి. రెండూ తర్వాత తిరిగొచ్చాయి గానీ, 2016లో మూతపడ్డ టౌన్స్‌విల్ మళ్లీ రాలేదు. 1979 నుంచి ప్రతి సీజన్ ఆడిన క్లబ్ ఇల్లవర్రా ఒక్కటే. ఇలాంటి చోట దిగిపోయే ప్రమాదం కూడా ఉంటే ఏ యజమాని డబ్బు పెడతాడు? ఆ నిర్ణయాన్ని నేను తప్పు పట్టను. కానీ చూసేవాడిగా నాకు నష్టమే: జనవరి చివరికి అడుగున ఉన్న జట్లకు ఆడటానికి పెద్ద కారణం మిగలదు.

కుర్రాళ్ల విషయంలోనూ రెండింటికీ తేడా ఉంది. ఎన్‌బీఎల్ 2018లో నెక్స్ట్ స్టార్స్ అనే పథకం పెట్టింది. ఎన్‌బీఏకు వెళ్లబోయే కుర్రాడు ఇక్కడ పెద్దవాళ్లతో ఆడి రాటుదేలుతాడు. లామెలో బాల్ ఇల్లవర్రాలో ఆడి 2020 డ్రాఫ్ట్‌లో మూడో స్థానంలో వెళ్లాడు. అడిలైడ్ నుంచి జోష్ గిడీ 2021లో ఆరో స్థానంలో, పెర్త్ నుంచి అలెక్స్ సార్ 2024లో రెండో స్థానంలో వెళ్లారు. రేపటి స్టార్లను ముందే చూడాలనుకుంటే ఎన్‌బీఎల్‌ను మించింది లేదు. కాకపోతే వాళ్లు చుట్టపుచూపుగా వచ్చి పోతారు. స్పెయిన్‌లో అలా కాదు. రికీ రూబియో 14 ఏళ్లకే జువెంతుత్ తరఫున ఏసీబీలో అడుగుపెట్టాడు. లూకా దొంచిచ్ 13 ఏళ్లకు రియల్ మాడ్రిడ్‌లో చేరి, 16 ఏళ్లకు ఏసీబీలో ఆడి, 2018లో టైటిల్ గెలిచాకే అమెరికా వెళ్లాడు. అభిమానులు అతను పెరగడం కళ్లారా చూశారు.

జపాన్ గురించి రెండు మాటలు. అక్కడ రెండు లీగ్‌ల గొడవ తెగక 2014లో ఫిబా ఆ దేశాన్ని సస్పెండ్ చేసింది. ఆ తర్వాతే 2016లో ఒకే బీ.లీగ్ వచ్చింది. ఎక్కే, దిగే పద్ధతితోనే బాగా ఎదిగింది. ఇప్పుడు 2026-27 సీజన్ నుంచి ఆ పద్ధతి తీసేసి అరీనా, ఆదాయం, ప్రేక్షకుల సంఖ్య బట్టి పై డివిజన్‌లో చోటిస్తున్నారు. క్లబ్బులకు ఇది మంచిదే కావొచ్చు. నాకు మాత్రం బాగున్నదాన్ని చేజేతులా వదులుకున్నట్టు అనిపిస్తోంది.

టైమింగ్ దగ్గర ఆస్ట్రేలియాదే పైచేయి. మెల్‌బోర్న్‌లో రాత్రి 7:30 మ్యాచ్ వాళ్ల వేసవిలో మనకు మధ్యాహ్నం రెండింటికి వస్తుంది, పెర్త్‌లో అయితే సాయంత్రం. స్పెయిన్‌లో పగటి మ్యాచ్‌లు మనకు సాయంత్రం పడతాయి గానీ, రాత్రివి అర్ధరాత్రి దాటిస్తాయి. మెల్‌బోర్న్, సిడ్నీ, పెర్త్‌లలో ఉన్న తెలుగు కుటుంబాలకైతే ఆలోచించే పనే లేదు. పిల్లల్ని తీసుకుని నేరుగా అరీనాకే వెళ్లండి.

మిగతావాళ్లకు నా ఓటు స్పెయిన్‌కే. వేర్వేరు చాంపియన్లు కావాలంటే ఆస్ట్రేలియా మేలు, కానీ ప్రతి వారం ప్రతి మ్యాచ్‌కీ విలువ ఉండాలంటే ఏసీబీయే. మొదలుపెట్టేటప్పుడు మాత్రం రియల్ మాడ్రిడ్‌నో, బార్సిలోనానో ఎంచుకోకండి. జువెంతుత్‌నో, మన్రేసానో పట్టుకోండి. ఫిబ్రవరిలో కోపా దెల్ రే నాలుగు రోజులూ చూసి, ఏప్రిల్ నుంచి పట్టికను కింది నుంచి పైకి చదవండి.