వీ-క్రాస్‌లో అరకు: ఐదుగురికి చోటుంది, బండికే లేదు

డిసెంబర్‌లో ఐదుగురం విశాఖ నుంచి అరకు వెళ్లొచ్చాం. బండి మా బావగారిది, ఇసుజు వీ-క్రాస్ పికప్, 1.9 లీటర్ డీజిల్, ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకీ ఇంజిన్ శక్తి అందేది). మన శ్రీసిటీలో తయారయ్యేదే. నాలుగు డోర్లు, ఐదు సీట్లు, వెనక సామాన్ల తొట్టి.

నా టెన్షనంతా అమ్మ గురించే. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, బండేమో ఎత్తు. ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టి, పైన హ్యాండిల్ పట్టుకుని మెల్లగా ఎక్కింది. వెనక సీట్లో ముగ్గురు కూర్చున్నా మోకాళ్లు ముందుకి తగల్లేదు. వీపు దగ్గర కాస్త నిటారుగా ఉంది కాబట్టి నడుముకి దిండు పెట్టాం.

శృంగవరపుకోట దాటాక ఘాట్‌లో ఇంజిన్ ఎక్కడా ఆయాసపడలేదు. 360 ఎన్ఎం టార్క్ (చక్రాల్ని తిప్పే బలం) అంటే ఏమిటో అక్కడ తెలిసింది. కానీ తొట్టిలో నాలుగు బ్యాగులే ఉండటంతో గుంత వచ్చినప్పుడల్లా వెనక భాగం ఎగిరిపడేది. బరువు మోయడానికి వేసిన కమాన్ పట్టీలు (లీఫ్ స్ప్రింగులు) కదా, ఖాళీగా ఉంటే బిగుసుకునే ఉంటాయి!

బొర్రా గుహలు చూశాక కటికి జలపాతానికి మన బండిలోనే వెళ్దామనుకున్నాం. రాళ్ల దారి, ఇరుకు మలుపులు, మన బండి పొడవేమో దాదాపు 5.3 మీటర్లు. అక్కడి జీపు మాట్లాడుకున్నాం. మంచి పనే చేశాం, ఆ డ్రైవర్‌కి ప్రతి రాయీ తెలుసు.

బస దగ్గరే దెబ్బ తిన్నాం. మొదటి రాత్రి దిగిన కాటేజీవాళ్లు ఫోన్‌లో పార్కింగ్ ఉందన్నారు, తీరా వెళ్తే గేటులోంచి బండి తిరగలేదు. రోడ్డు పక్కన ఆపి, తాళం లేని తొట్టిలోంచి సామానంతా మోసుకెళ్లాం. టార్పాలిన్ కింద మర్చిపోయిన దుప్పటి పొద్దున్నకి మంచుతో తడిసి ముద్దయింది. పికప్‌లో వెళ్లేవాళ్లు గదికన్నా ముందు గేటు వెడల్పు అడగండి, తొట్టికి తాళం వేసే గట్టి మూత పెట్టించుకోండి. రెండో రాత్రి ఏపీ టూరిజం వారి హరిత వ్యాలీ రిసార్ట్‌కి మారాం. ఆవరణ విశాలం, బండి గది దగ్గరే ఆగింది.

తిరుగు ప్రయాణానికి ముందు సంతలో రాజ్మా, అల్లం, పసుపు బస్తాలకెత్తి తొట్టిలో వేశాం. కారైతే సగం అక్కడే వదిలేసేవాళ్లం. బరువు పడ్డాక వెనక కుదుపు బాగా తగ్గింది. ఘాట్ దిగాక అమ్మ తల వాల్చి, పెందుర్తి వచ్చేదాకా నిద్రపోయింది.