పర్యావరణ శాస్త్రం ఎమ్మెస్సీకి డబ్బు కట్టబోతున్నారా? కడప నుంచి ఒక హెచ్చరిక

కడపలో ఒక అడ్మిషన్ కేంద్రానికి 68 వేల రూపాయలు కట్టి దూరవిద్యలో ‘ఎమ్మెస్సీ పర్యావరణ శాస్త్రం, నిర్వహణ’ పట్టా తెచ్చుకున్నాను. అది ఉద్యోగానికీ పనికిరాదు, అధ్యాపక అర్హతకు రాసే నెట్ పరీక్షకూ పనికిరాదు. కేంద్రం పేరు రాయడం లేదు. పోలీసు ఫిర్యాదు నడుస్తోంది, పైగా ఇలాంటివారు బోర్డు మార్చుకోవడానికి ఒక్క పూట చాలు. పద్ధతి మాత్రం మారదు కాబట్టి పద్ధతి గురించే చెబుతాను.

మాది యర్రగుంట్ల వైపు. సిమెంటు దుమ్ము మిద్దె మీద ఆరేసిన వడియాల మీద కూడా పడుతుంది. నేను బీజెడ్‌సీ చదివే రోజుల్లో దగ్గర్లో ఒక గని విస్తరణకు ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. గాలిలో ధూళి ఎంత, బావి నీటిలో ఫ్లోరైడ్ ఎంత అని లెక్కలు రాసిన లావుపాటి నివేదిక బల్ల మీద పెట్టారు. ఆ లెక్కలు తీసేవాళ్లలో నేనూ ఒకదాన్ని కావాలన్నది నా కోరిక. అడ్మిషన్ కేంద్రం ఆయనకు నా నోటితో నేనే ఈ సంగతి చెప్పాను. తర్వాత ఆయన నాకు అమ్మింది ఆ కోరికనే.

“అమ్మా, నా మాట నమ్మొద్దు. యూనివర్సిటీ పేరు యూజీసీ సైటులో మీరే చూసుకోండి” అన్నారు. చూశాను. ఉత్తరాదిలోని ఆ విశ్వవిద్యాలయం పేరు, దేశంలోని విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ జాబితాలో ఉంది. నాన్నకు కూడా చూపించాను. అందరూ బోల్తా పడేది సరిగ్గా ఇక్కడే. విశ్వవిద్యాలయం నిజమైనదే, కానీ ఈ కోర్సును దూరవిద్యలో నడపడానికి దానికి అనుమతి లేదు. యూజీసీ దూరవిద్యా విభాగం అనుమతులు విశ్వవిద్యాలయం మొత్తానికి ఇవ్వదు, ఒక్కో కోర్సుకు విడిగా ఇస్తుంది. ఏ విద్యాసంవత్సరానికి, ఏ విడతకు అన్నది కూడా అందులో ఉంటుంది. ఆ అనుమతుల పేజీని తర్వాత చూస్తే ఆర్ట్స్, కామర్స్ కోర్సులు కనిపించాయి కానీ ఈ ఎమ్మెస్సీ ఎక్కడా లేదు. నేను మొదటి జాబితా దగ్గరే ఆగిపోయాను. ఇంకో పది నిమిషాలు వెతికి ఉంటే 68 వేలు మిగిలేవి.

ఆ కేంద్రం ఉండటమే తప్పని కూడా తర్వాతే తెలిసింది. దూరవిద్యను ఫ్రాంచైజీకి ఇవ్వడం యూజీసీ 2020 నిబంధనల ప్రకారం నిషిద్ధం. రాష్ట్ర, ప్రైవేటు విశ్వవిద్యాలయాలు తమ పరిధి దాటి దూరవిద్యా కేంద్రాలు పెట్టకూడదు. మూడేళ్ల డిగ్రీ తర్వాత పీజీకి కనీసం రెండేళ్లు పట్టాలి. నాకు “ఏడాదిలో ముగిస్తాం” అన్నారు. నేనేమో భయపడాల్సింది పోయి సంబరపడ్డాను.

ప్రాక్టికల్స్ మాటెత్తితే, “రికార్డు మేమే రాయిస్తాం, మూడు వేలు వేరే” అన్నారు. రాయించారు కూడా. అందులోని చేతిరాత చాలా అందంగా ఉంది.

ఆ రికార్డు పట్టుకుని ఒక పర్యావరణ పరీక్షాశాలకు ఇంటర్వ్యూకు వెళ్లాను. అక్కడి పెద్దాయన, నీటి నమూనాలో కరిగిన ఆక్సిజన్‌ను బావి దగ్గరే ఎందుకు స్థిరపరచాలి, ఏమేమి కలపాలి అని అడిగారు. మాంగనస్ సల్ఫేట్, క్షార అయోడైడ్ అని బట్టీ పట్టింది అప్పగించాను. అవి కలిపాక అడుగుకు దిగే అవక్షేపం గోధుమ రంగులో కాకుండా తెల్లగా వస్తే ఏమిటి అర్థం అన్నారు. ఆ నీటిలో ఆక్సిజన్ లేదని అర్థం. ఒక్కసారి కళ్లతో చూసినవాళ్లు మరిచిపోరు. నేను చూడలేదు, చెప్పలేకపోయాను. బీఓడీకి, అంటే నీటిలోని సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ వాడుకుంటాయో కొలిచే పరీక్షకు, సీసాను ఎన్ని రోజులు, ఎన్ని డిగ్రీల దగ్గర ఉంచాలి అన్నారు. గైడులో ఉన్నట్టే ఐదు రోజులు, 20 డిగ్రీలు అన్నాను. “పాత పుస్తకాల్లో అలాగే ఉంటుందమ్మా. మన దగ్గర మూడు రోజులు, 27 డిగ్రీలు. నువ్వు ఇంక్యుబేటర్‌ను ఎప్పుడైనా చూశావా?” అని మెల్లగా అడిగారు. కోప్పడి ఉంటే బాగుండేది. కోర్సుకు అనుమతి లేదన్న సంగతి కూడా తన కంప్యూటర్‌లో చూపించింది ఆయనే.

ఇంటికి వచ్చి రసీదులు తీసి చూస్తే వాటి మీద ‘సేవా రుసుము’ అని ఉంది. ఫీజు అన్న మాటే లేదు. డబ్బు వెళ్లింది విశ్వవిద్యాలయం ఖాతాకు కాదు, ఒక వ్యక్తి ఫోను నంబరుకు.

కాలుష్య నియంత్రణ మండలిలో ఇంజనీరు ఉద్యోగం వస్తుందని కూడా ఊరించారు. అక్కడి సహాయ పర్యావరణ ఇంజనీరు పోస్టుకు ఇంజనీరింగ్ డిగ్రీ కావాలి, అసలైన ఎమ్మెస్సీ ఉన్నా కుదరదు. ఆ ఎమ్మెస్సీతో నెట్‌లో పర్యావరణ శాస్త్రం రాయవచ్చు, పరీక్షాశాలల్లో, ప్రభావ అంచనా నివేదికలు తయారుచేసే సంస్థల్లో పని వెతుక్కోవచ్చు. అది చిన్న దారేమీ కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పినా నేను చేరేదాన్ని.

దూరవిద్య అంతా మోసమని నేను అనను. కేంద్ర ప్రభుత్వ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇగ్నోలో పర్యావరణ శాస్త్రం ఎమ్మెస్సీ ఉంది. ఎక్కడ చేరాలన్నా 2024 నుంచి దూరవిద్యకు, ఆన్‌లైన్ కోర్సులకు విద్యార్థి స్వయంగా యూజీసీ పోర్టల్‌లో డెబ్ ఐడీ, అంటే ఆ దూరవిద్యా విభాగం గుర్తింపు సంఖ్య, తీసుకోవాలి. “అదంతా మేం చూసుకుంటాం” అని ఎవరైనా అంటే కుర్చీలోంచి లేచి వచ్చేయండి. రోజూ తరగతికి వెళ్లగలిగితే రాష్ట్ర పీజీ ప్రవేశ పరీక్ష పీజీసెట్ రాయండి. ఆ పరీక్షను 2021లో మొదటిసారి నిర్వహించింది మన కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయమే. అక్కడ పర్యావరణ శాస్త్రం విభాగం కూడా ఉంది. ఇంటి దగ్గర దాన్ని పెట్టుకుని నేను ఎక్కడి పట్టానో కొన్నాను.

నా డబ్బు తిరిగి ఇమ్మని కేంద్రాన్ని అడిగితే ఇప్పుడు కొత్త బేరం పెట్టారు. మరో 20 వేలు ఇస్తే ‘అనుమతి ఉన్న’ ఇంకో విశ్వవిద్యాలయం పేరుతో పట్టా మార్చి ఇస్తారట, అదీ పాత తేదీతో!

ఒక్క విషయం మాత్రం మరిచిపోకండి. పరిశీలనకని ఎవరడిగినా అసలు ధ్రువపత్రాలు వదిలి రావద్దు. విద్యాసంస్థలే వాటిని తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది, ఇక ఏజెంట్లకు ఏ హక్కు ఉంటుంది? నా బీఎస్సీ మార్కుల జాబితాలు ఇంకా వారి బీరువాలోనే ఉన్నాయి. వాటి కోసం సోమవారం నాన్న మూడోసారి వెళ్తున్నారు.